ఒప్పంద కూలీల సముద్రయానం

ఒప్పంద కూలీల సముద్రయానం అనగా బ్రిటిషు పాలనాకాలంలో అయిదేళ్ళ ఒప్పందంపై చెరకు తోటలలో పనికి మద్రాసు, కలకత్తా రేవుల నుండి నేటాల్ (దక్షిణాఫ్రికా), ఫిజీ, మారిషస్ మొదలగు ప్రాంతాలకు వెళ్ళినవారి ఓడ ప్రయాణం. మద్రాసులో ఓడ ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ ప్రయాణపు రోజులు ఎట్లు గడిచేవన్నదే ఈ వ్యాస విషయం.

ప్రయాణ కాలం

నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో'. 1860 అక్టోబరులో 342 మందితో మద్రాసు విడిచి నవంబరు 16న డర్బను చేరింది. అంటే అయిదు వారాలు. 1911 వరకు ఈ విధంగా నేటాల్ చేరినవారు 1,52,184 మంది. ఫిజీ ఇంకా దూరం. తెరచాప ఓడకు రెండు నెలలు దాటేది, ఆవిరి ఓడకు సుమారు నెల పట్టేది. మద్రాసు నుండి ఫిజీకి ఓడలు 1903లో మొదలై 1916 వరకు నడిచాయి.

దినచర్య

ఒంటరి పురుషులను ఓడ ముందు భాగంలో, కుటుంబాలను మధ్యలో, ఒంటరి స్త్రీలను వెనుక భాగంలో ఉంచేవారు. మెడలో సంఖ్య గల తగరపు బిళ్ళ ఉండేది. ఉదయం పరుపులు, కంబళ్ళు పైకి తెచ్చి ఆరవేయుట, డెక్కు కడుగుట, వైద్యుని తనిఖీ. పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి భోజనం. అన్నం, పప్పు, నెయ్యి, ఎండుచేపలు, మసాలా దినుసులు ఇచ్చేవారు. తుఫానులో పొయ్యి వెలిగించ వీలుకాని దినాలలో అటుకులు, చక్కెర, బిస్కెట్లతో సరిపెట్టేవారు. 1893లో ఫిజీకి వెళ్ళిన తోతారాం సనాఢ్య హిందీలో తన అనుభవాలు గ్రంథస్థం చేశాడు (1914). ఆ బిస్కెట్లు ఎంత గట్టివో, పడుకొనుటకు దొరికిన చోటు ఎంత ఇరుకో అందులో చదవవచ్చును. తెలుగు కూలీ ఎవరైనా అట్టి పుస్తకం వ్రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఆటపాటలు

సాయంత్రాలలో పాటలు, డోలు వాయిద్యం, కుస్తీలు సాగేవి. అధికారులు వీటిని అడ్డుకోకపోగా ప్రోత్సహించేవారు. దిగులుతో మూల కూర్చున్నవాడు త్వరగా జబ్బుపడతాడని ఓడ వైద్యుల నమ్మకం. అదీగాక ప్రాణాలతో దింపిన ఒక్కొక్కరికి ఇంత అని వైద్యునికి ముట్టేది. కాబట్టి ఆ డోలు మ్రోతలో దయ ఎంత, లెక్క ఎంత అన్నది పాఠకులే ఊహించవచ్చును. కలరా, మశూచి, తట్టు ప్రబలిన ఓడలలో శవాలను సముద్రంలోనే విడిచేవారు. ఓడలో పుట్టిన శిశువులను జాబితాలో చేర్చేవారు.

ఓడ బంధుత్వం

సముద్రం దాటితే కులం పోతుందని భయపడినవారే ఒకే వంటశాల అన్నం పక్కపక్కన కూర్చుని తినవలసి వచ్చింది. ఊరిలో ఎన్నడూ కలిసి కూర్చోనివారికి అక్కడ స్నేహం కుదిరింది. ఒకే ఓడలో వచ్చినవారు ఫిజీలో ఒకరినొకరు 'జహాజీ భాయి' అనుకొనేవారు. జహాజు అనగా ఓడ. అన్న, తమ్ముడు, మేనమామ ఎవరూ లేనిచోట ఈ వరుసే బంధుత్వమై, తోటలలో కష్టసుఖాలకు ఆదుకొనేది. కరీబియన్ వలసలలో ఓడ సహచరుల పిల్లల మధ్య వివాహం కూడా తగదని భావించేవారు.

ఓడ జాబితాలు - పశ్చిమ ప్రకాశం

నేటాల్ ఓడ జాబితాలలో ప్రతి ప్రయాణికుని సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, పుట్టుమచ్చలు వ్రాసి ఉంటాయి. సంతతివారు నేడు పూర్వీకుల ఊళ్ళను వీటి ద్వారానే వెదకుచున్నారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల కోసం వెదకువారు ఒక సంగతి గమనించాలి. ఈ ప్రాంతం 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. 1876-78 నాటి మహా కరవుకు అత్యంత తీవ్రంగా గురైన జిల్లాలలో కర్నూలు ఒకటి. కావున జాబితాలలో 'ప్రకాశం' లేక 'ఒంగోలు' జిల్లా అని చూస్తే ఫలితం ఉండదు. కర్నూలు జిల్లా, కంభం లేక మార్కాపురం తాలూకా అని చూడాలి. ఊరి పేర్లను గుమాస్తాలు ఇంగ్లీషులో చెవికి వినబడినట్లు వ్రాశారు గనుక, పేరును బయటికి పలికి చూసుకుంటే గుర్తించుట సులభం.