అరచేతిలో దేవుడి బొమ్మ

దేవుడి బొమ్మ అచ్చులో ఇంటికి రావడం మనకిప్పుడు మామూలే. ఊర్జానగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్ల గోడల మీద కాలెండరు దేవుళ్లను ఎవరూ వింతగా చూడరు. జర్మన్ సీమలో ఈ అలవాటు గుటెన్‌బర్గ్ బైబిలు కంటే ముందే, 1400 ప్రాంతంలో మొదలైంది.

దారి వేసింది కాగితం. 1390లో ఉల్మాన్ స్ట్రోమర్ అనే వర్తకుడు నూరెంబర్గ్‌లో కాగితపు మిల్లు పెట్టాడు. ఇక అచ్చు వేసే పద్ధతి: చెక్క పలక మీద బొమ్మ గీసి, గీతలు మాత్రం ఉంచి మిగతా చెక్కంతా తొలిచేస్తారు. సిరా పూసి కాగితం అద్దితే ఒక్క పలకకే వందల బొమ్మలు. రంగులు తర్వాత చేత్తో వేసేవారు. తీర్థాలకు వెళ్లినవాళ్లు వీటిని కొనుక్కుని గోడకో, పెట్టె మూత లోపలో అంటించుకునేవారు. వాడి వాడి చిరిగిపోయాయి కాబట్టే ఇవాళ మిగిలినవి తక్కువ.

1423 అని తేదీ ఉన్న సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ బుక్స్‌హైమ్ మఠంలో ఒక రాతప్రతి అట్ట లోపల అంటించి ఉండబట్టి దక్కింది. ఇప్పుడది మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది. బాలయేసును భుజాన ఎత్తుకుని ఏరు దాటుతున్న భారీ మనిషి. కింద రెండు లాటిన్ పంక్తులు. క్రిస్టఫర్ ముఖం చూసిన రోజు దుర్మరణం ఉండదని వాటి భావం. ప్లేగు ఊళ్లను ఊడ్చేస్తున్న కాలమది. ఆ భరోసా కోసం పొద్దున్నే దాన్ని చూసి పనికి వెళ్లినవాళ్లను తలుచుకుంటే, దీన్ని కేవలం కళాఖండం అనడానికి నాకు మనసు రాదు.

తర్వాత రాగిరేకు చెక్కడం వచ్చింది. అది కంసాలుల విద్య. మార్టిన్ షోన్‌గావర్, ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఇద్దరూ కంసాలుల కొడుకులే. డ్యూరర్ 1498లో బైబిలులోని ప్రకటన గ్రంథాన్ని 15 చెక్కబొమ్మలతో అచ్చువేశాడు. ఆ పైన క్రీస్తు శ్రమలను అరచేతిలో పట్టే రాగి అచ్చులుగా చెక్కాడు. వాటిలో 1511 నాటి శిలువ దృశ్యం మన దేశం దాకా వచ్చింది. 1600లో పదమూడేళ్ల మొగల్ చిత్రకారుడు అబుల్ హసన్ అందులోని సెయింట్ జాన్‌ను చూసి గీశాడు. శిలువ కింద నిలబడి చేతులు పెనవేసుకున్న శిష్యుడి దుఃఖాన్ని వేరే మతంలో పుట్టిన ఆ పిల్లవాడు ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో! ఆ చిత్రం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

తెలుగువాళ్లకు జర్మన్ అచ్చుతో చుట్టరికం కలిసింది అక్షరం వైపు నుంచి. మద్రాసులో తెలుగు నేర్చుకున్న లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశానికి తిరిగి వెళ్లి, 1746లో హాలే పట్టణంలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా చెప్పుకునేవి అవే.