మీటు సాధన: వీణ నుంచి మాండలిన్ దాకా

తీగ వాద్యంలో కుడిచేతి మీటు, ఎడమచేతి వేళ్ళ కదలిక ఒకే క్షణంలో కలవాలి. అందుకు చేసే అభ్యాసమే మీటు సాధన. గిటార్ నేర్చుకునేవారు పిక్‌ను కిందికీ పైకీ మార్చి మార్చి మీటుతూ దీన్ని అలవరచుకుంటారు. తెలుగునాట ఈ సాధనకు పాత బడి వీణ.

వీణకు ఇరవై నాలుగు మెట్లు, నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళపు తీగలు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు వంతులవారీగా మీటుతుంటే చిటికెనవేలు తాళపు తీగల్ని పైకి మీటుతుంది. సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళ రాగంలో మూడు కాలాల్లో (వేగాల్లో) వాయించడం తొలి పాఠం. జంట స్వరాల్లో రెండో మీటుకు ఊనిక ఇవ్వాలి. వేలికి బలం వచ్చేది అక్కడే. గిటార్‌లో దారి వేరు: 1812లో వియన్నాలో గిటారిస్ట్ మౌరో జులియాని కుడిచేతి కోసం 120 అభ్యాసాలు అచ్చువేయించాడు. వాటిలో ఎడమచెయ్యి రెండే తీగ కలయికలు పట్టుకొని ఉంటే, ధ్యాసంతా కుడిచేతి మీదే ఉంటుంది. వీణ పాఠంలో రెండు చేతులూ మొదటిరోజు నుంచే రాగంతో ముడిపడతాయి.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922–1987) గొంతు పాడినట్టు వీణ పలకాలని పట్టుబట్టారు. ఒక్క మీటుతో తీగను పక్కకు లాగుతూ అనేక స్వరాలు పలికించారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) ‘కొమ్మలో కోయిల’ రచనలో కోయిల కూతను తీగ మీదికి తెచ్చారు. ఎన్నిసార్లు మీటామన్నది కాదు, మీటిన నాదాన్ని ఎంతసేపు నిలిపామన్నదే ఈ గురుశిష్యుల గొప్పతనం.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ నాదాన్ని నిలిపే ఈ సమస్యను ఇంకా కష్టమైన వాద్యం మీద ఎదుర్కొన్నారు. మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. గమకం (స్వరాన్ని ఊపడం) కోసం తీగను లాగితే జంటలోని రెండూ సమానంగా సాగవు, శ్రుతి చెదురుతుంది. పైగా నాదం వెంటనే ఆరిపోతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నారు, విద్యుత్ మాండలిన్‌తో నాదాన్ని నిలిపారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని వేళ్ళతో వెతుక్కొని వాయించేవాడు. జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెవే నేర్పింది. నా దృష్టిలో శ్రీనివాస్ వాయింపుకు అసలు పునాది ఈ పాఠం.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసులో ప్రవేశం, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చొని వాయించారు. ఇద్దరి చేతిలోనూ పిక్కే. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. తమ్ముడు యు. రాజేశ్ కూడా మాండలిన్ కళాకారుడే.