బెంటన్‌విల్‌లో అద్దె ఇల్లు: కాంట్రాక్టు ఉద్యోగులు, అసైలం దరఖాస్తుదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉంది. దానికి పనిచేసే వెండర్ కంపెనీల ద్వారా ఎంతోమంది తెలుగువాళ్ళు కాంట్రాక్టు మీద ఇక్కడికి వస్తున్నారు. ఇదే ఊళ్ళో అసైలం కేసు తేలక ఎదురుచూస్తూ, తెలిసినవాళ్ళ గదుల్లో సర్దుకుని ఉండేవాళ్ళూ ఉంటారు. ఇద్దరి పరిస్థితి వేరు, కాగితాలు వేరు. ఇంటి యజమానితో గొడవ వస్తే మాత్రం ఇద్దరికీ వర్తించేది ఒకటే అర్కాన్సాస్ అద్దె చట్టం.

అమెరికాలో అద్దె చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. అద్దెకున్నవాళ్ళకి రక్షణ చాలా తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అర్కాన్సాస్ ఒకటి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న ఫ్రెండ్ చెప్పిన సలహా ఇక్కడ మీకే ఎదురు తిరగొచ్చు.

ఇల్లు ఎలా ఉండాలి?

ఇంటికి కనీస ప్రమాణాలను ఈ రాష్ట్రం 2021లో చేసిన 1052వ నంబరు చట్టంతో పెట్టింది. 2021 నవంబర్ 1 తర్వాత రాసుకున్న, లేదా రెన్యూ చేసిన లీజులకు ఇది వర్తిస్తుంది. ఇంట్లో ఉండాల్సినవి ఇవి:

- వేడినీళ్ళు, చన్నీళ్ళు వచ్చే కుళాయిలు, తాగడానికి పనికొచ్చే నీళ్ళు
- కరెంటు
- సరిగ్గా పనిచేసే డ్రైనేజీ, ప్లంబింగ్
- కారని పైకప్పు, గట్టిగా ఉన్న బయటి గోడలు
- లీజు రాసుకునే నాటికి ఇంట్లో హీటింగ్, ఏసీ ఉంటే అవి పనిచేయాలి

బూజు, నల్లులు, బొద్దింకలు ఈ జాబితాలో లేవు. అందుకే లీజు సంతకం పెట్టే ముందే ఇల్లంతా చూసుకోండి. పురుగుల మందు ఎవరు కొట్టించాలో లీజులో రాయించుకోండి. చేరిన రోజే ప్రతి గదినీ తేదీ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

పై జాబితాలోది ఏదైనా చెడిపోతే యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే లెక్కలోకి రాదు. నోటీసు ఎలా పంపాలో లీజులో ఉంటే అలాగే పంపండి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపితే రసీదు చేతిలో ఉంటుంది. నోటీసు తర్వాత యజమానికి 30 రోజుల గడువు. అప్పటికీ బాగు చేయకపోతే పెనాల్టీ లేకుండా లీజు రద్దు చేసుకుని, డిపాజిట్ వెనక్కి తీసుకుని వెళ్ళిపోవచ్చు. అయితే మీ అద్దె బాకీ ఏమీ ఉండకూడదు, ఆ వస్తువు మీ నిర్లక్ష్యం వల్ల చెడి ఉండకూడదు.

అద్దె మాత్రం ఆపకండి

"రిపేరు చేసేదాకా అద్దె కట్టకు" అని ఎవరైనా చెబితే వినకండి. అద్దె కట్టకుండా ఇంట్లోనే ఉంటే, 10 రోజుల రాతపూర్వక నోటీసు తర్వాత మీ మీద క్రిమినల్ కేసు పెట్టే వీలు అర్కాన్సాస్ చట్టంలో ఉంది. జరిమానా రోజుకి 25 డాలర్ల దాకా పడుతుంది. డబ్బు చిన్నదే. కానీ హెచ్-1బీ మీద ఉన్నా, అసైలం కేసు నడుస్తున్నా, రికార్డులో క్రిమినల్ కేసు చేరడం చిన్న విషయం కాదు. అలాంటి నోటీసు వస్తే ఆ రోజే ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.

ఖాళీ చేయించమని యజమాని సివిల్ కోర్టుకి వెళ్తే, సమన్లు అందాక మీ అభ్యంతరం రాసి దాఖలు చేయడానికి 5 రోజులే టైమ్. ఆదివారాలు, సెలవులు ఇందులో లెక్కకు రావు. అదే సమయంలో, కోర్టు ఉత్తర్వు లేకుండా యజమాని తనంతట తాను తాళం మార్చేసి మిమ్మల్ని బయట పెట్టకూడదు.

డిపాజిట్

ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ళు అద్దెకిచ్చే యజమాని రెండు నెలల అద్దె కంటే ఎక్కువ డిపాజిట్ అడగకూడదు. ఖాళీ చేశాక 60 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఏమైనా పట్టుకుంటే దేనికి ఎంతో లెక్క రాసి పంపాలి. కావాలని ఎగ్గొడితే, అన్యాయంగా పట్టుకున్న దానికి రెట్టింపు అడగొచ్చు. 5,000 డాలర్ల లోపు తగాదాలకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, అక్కడ మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వెళ్ళేటప్పుడు కొత్త అడ్రస్ రాసిచ్చి వెళ్ళడం మర్చిపోకండి.

కంపెనీ గెస్ట్ హౌస్‌లో ఉంటే

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి కంపెనీ గది ఇచ్చి, ఆ అద్దెను జీతంలో పట్టుకోవాలంటే మీరు ఇష్టపూర్వకంగా రాసిచ్చిన అనుమతి ఉండాలి. పట్టుకునే మొత్తం ఆ గది అసలు విలువను మించకూడదు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద పెట్టినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే 12 నెలల్లోపు కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదు చేయాలి. ఫోన్: 1-866-487-9243. బెదిరించి పని చేయించడానికి పాస్‌పోర్ట్ లాక్కుని పెట్టుకోవడం ఫెడరల్ నేరం.

ఇలాంటి కేసుల్లో గెలిచినవాళ్ళు ఉన్నారు. కత్రినా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల కంపెనీ సుమారు 500 మంది భారతీయ కార్మికులను తెచ్చుకుంది. ఒక్కో ట్రైలర్‌లో 24 మంది దాకా పెట్టి, మనిషికి నెలకు 1,050 డాలర్లు జీతంలో కోసింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురు కార్మికులకు 1.4 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చింది.

అసైలం కేసు ఉన్నవాళ్ళకి

అమెరికాకి వచ్చిన ఏడాదిలోపు అసైలం దరఖాస్తు వేయాలి. వేసిన తర్వాత కనీసం 180 రోజులు గడవకుండా వర్క్ పర్మిట్ రాదు. ఈ నెలల్లోనే చాలామంది లీజులో పేరు లేకుండా ఎవరి గదిలోనో ఉంటారు. అలా ఉన్నా, ఎవరికి ఎంత ఇస్తున్నారో ఒక కాగితం రాయించుకోండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి.

గది మారిన ప్రతిసారీ అడ్రస్ మార్పు చెప్పాలి. ఇమ్మిగ్రేషన్ శాఖకు ఏఆర్-11 ఫారం 10 రోజుల్లో, కేసు ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఉంటే ఈఓఐఆర్-33 ఫారం 5 రోజుల్లో ఇవ్వాలి. హియరింగ్ నోటీసు పాత అడ్రస్‌కి వెళ్ళి, మీరు హాజరు కాకపోతే, మీరు లేకుండానే దేశం వదిలి వెళ్ళాలని ఉత్తర్వు రావచ్చు.

వివక్ష

1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, లింగం, వైకల్యం, పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు ఇవ్వననకూడదు. యజమాని తానే ఉండే చిన్న ఇళ్ళ లాంటివాటికి కొన్ని మినహాయింపులున్నాయి. వీసా కాగితాలు అందరినీ ఒకేలా అడిగితే తప్పు కాదు. మీ దేశం చూసి మిమ్మల్ని మాత్రమే అడిగితే అది వివక్ష. ఏడాదిలోపు హడ్‌కి ఫిర్యాదు చేయొచ్చు: 1-800-669-9777.

ఎవరిని అడగాలి?

లీగల్ ఎయిడ్ ఆఫ్ అర్కాన్సాస్ నంబరు 1-800-952-9243. ఫెడరల్ నిధుల నిబంధనల వల్ల హెచ్-1బీ వాళ్ళకి, అసైలం ఇంకా మంజూరు కానివాళ్ళకి చాలా సందర్భాల్లో వాళ్ళు లాయర్‌ని ఇవ్వలేరు. అసైలం వచ్చినవాళ్ళు, గృహహింస బాధితులు తప్పక అడగండి. బలవంతంగా పని చేయిస్తున్నా, కదలనివ్వకపోయినా మానవ అక్రమ రవాణా హాట్‌లైన్‌కి ఫోన్ చేయండి: 1-888-373-7888.

ఊళ్ళో ఉన్న కుటుంబ సభ్యులు లీజు, పాస్‌పోర్ట్, కేసు నంబరు, ప్రస్తుత అడ్రస్ కాపీలు తమ దగ్గర ఒక సెట్టు పెట్టుకోండి. ఇక్కడ చెప్పింది సాధారణ సమాచారం. సంతకం పెట్టే ముందు, ఇల్లు ఖాళీ చేసే ముందు మీ కాగితాలు ఒకసారి లాయర్‌కి చూపించుకోండి.