భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు 2024–25 అంతర్జాతీయ పోటీలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
2025 జూలైలో భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు తొలిసారిగా అర్హత పోటీల్లో గెలిచి ఏషియన్ కప్‌లో స్థానం పొందింది. ఈ విజయం కొత్త ఆరంభం కాదని, మధ్యలో తెగిపోయిన ఒక క్రీడా సంప్రదాయానికి కొనసాగింపని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందులో తెలుగు ప్రాంతాల స్థానాన్నీ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మహిళా ఫుట్‌బాల్, ఏషియన్ కప్, అర్హత పోటీలు, క్రీడా చరిత్ర, తెలుగు క్రీడాకారిణులు.

1. ప్రవేశిక:
తెలుగు నేలపై ఫుట్‌బాల్ చరిత్ర అనగానే హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు స్ఫురిస్తుంది. ఆయన శిక్షణలో భారత పురుషుల జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాన్ని సాధించింది. మహిళల జట్టు విజయాలకు ఇటువంటి సామాజిక స్మృతి ఏర్పడలేదు. అందువల్లనే 2025 నాటి విజయం పూర్వచరిత్ర లేనిదిగా కనిపిస్తుంది.

2. పూర్వరంగం:
1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1980లో కాలికట్‌లో ముగిసిన ఆసియా పోటీల్లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ భారత్ ద్వితీయ స్థానం పొందింది. నడుమ 1981లో హాంకాంగ్‌లో తృతీయ స్థానంలో నిలిచింది. 1983లో శాంతి మల్లిక్ అర్జున పురస్కారం అందుకొన్నారు. అప్పట్లో ఆసియా పోటీలకు అర్హత దశ లేదు.

1990వ దశకం తొలినాళ్లలో మహిళా ఫుట్‌బాల్ నిర్వహణ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేతికి వచ్చింది. అయినా పోటీల క్రమం నిలకడగా సాగలేదు. చాలాకాలం అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడనందున 2009లో జట్టు పేరు ఫిఫా ర్యాంకింగుల నుంచే తొలగిపోయింది. 2010 నుంచి 2019 వరకు దక్షిణాసియా టైటిల్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచినప్పటికీ, ఆసియా స్థాయిలో ఆ బలం ప్రతిఫలించలేదు. 2022లో ఆతిథ్య దేశంగా ఏషియన్ కప్‌లో ప్రవేశించిన జట్టు, కోవిడ్ కారణంగా పోటీ నుంచి వైదొలగవలసివచ్చింది.

3. 2024–25 పోటీల క్రమం:
2024 అక్టోబరులో కాఠ్‌మాండూలో జరిగిన దక్షిణాసియా సెమీఫైనల్‌లో భారత్ నేపాల్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. ఆ సంవత్సరాంతంలో బెంగళూరులో మాల్దీవులపై 14–0తో, 2025 జనవరిలో 11–1తో గెలిచింది. బలహీన ప్రత్యర్థిపై సాధించిన ఈ అంకెలను జట్టు స్థాయికి కొలమానంగా తీసుకోలేము.

ఫిబ్రవరిలో యు.ఏ.ఈ.లో జరిగిన పింక్ లేడీస్ కప్ ఇందుకు భిన్నమైనది. అక్కడ జోర్డాన్‌పై 2–0తో గెలిచిన భారత్, రష్యా చేతిలో 0–2తో, దక్షిణ కొరియా చేతిలో 0–3తో ఓడింది. తరువాత బెంగళూరులో ఉజ్బెకిస్తాన్‌తో రెండు మ్యాచ్‌లు ఆడింది. తమకంటే మేలైన జట్లతో తలపడిన ఈ అనుభవమే అర్హత పోటీలకు అసలైన సన్నాహమని భావించవచ్చు.

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో క్రిస్పిన్ ఛెత్రి శిక్షణలోని జట్టు మంగోలియాపై 13–0, తిమోర్-లెస్తెపై 4–0, ఇరాక్‌పై 5–0 తేడాతో గెలిచింది. జూలై 5న ఆతిథ్య జట్టుతో జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్ చేయగా, భారత్ 2–1తో నెగ్గింది. నాలుగు మ్యాచ్‌లలో చేసిన గోల్స్ 24, ఇచ్చినది ఒక్కటే. 1983 ఫైనల్‌లో భారత్‌ను ఓడించినదీ థాయ్‌లాండే కావడం గమనార్హం.

4. తెలుగు ప్రాంతాల స్థానం:
ఈ జట్టులో తెలుగు నేలకు ప్రాతినిధ్యం వహించినవారు నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య. మంగోలియాపై ఆమె రెండు గోల్స్ చేశారు. 2022లో క్రొయేషియాకు చెందిన దినామో జాగ్రెబ్ క్లబ్‌లో చేరారు. 2024–25కు అఖిల భారత సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం పొందారు. అప్పటికి ఆమె ఆడుతున్నది కోల్‌కతాకు చెందిన ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు. అంటే ప్రతిభ తెలుగు జిల్లాలో పుట్టినా, దానికి వేదిక కల్పించినవి గోకులం కేరళ, ఈస్ట్ బెంగాల్ వంటి ఇతర రాష్ట్రాల సంస్థలు. రహీం కాలంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు పురుషులకు నిర్వహించిన పాత్రకు సమానమైనది ఇక్కడి మహిళలకు దక్కలేదు.

5. ముగింపు:
భారత మహిళా ఫుట్‌బాల్ చరిత్రలో లోపించినది ప్రతిభ కాదు, పోటీల నిరంతరత. మ్యాచ్‌లు ఆగినప్పుడు ర్యాంకు పోయింది. బలమైన జట్లతో క్రమంగా ఆడినప్పుడు అర్హత దక్కింది. ఈ సూత్రం గ్రామస్థాయికీ వర్తిస్తుంది. నెల్లూరు జిల్లా కొడవలూరు వంటి మండలంలోని బాలికకు చియాంగ్ మాయ్ విజయం ప్రేరణ కాగలదు. కాని పాఠశాల మైదానం నుంచి జిల్లా, రాష్ట్ర లీగుల వరకు ఏటా ఆడే అవకాశం లేనిదే ఆ ప్రేరణ చరిత్రగా మారదు.