పసుపుచేనును నియమగిరియు

చెట్టునందును గుట్టయందును నొక జీవుఁడు వసించునను విశ్వాసమునకు టైలరు పండితుఁడు 1871లోఁ బ్రకటించిన గ్రంథమున ‘ఆనిమిజం’ అను పేరు వాడెను. నాగరకత పెరిగినకొలఁది నిది యణఁగుననియు, నక్కడక్కడ శేషముగా మిగులుననియు నాతని మతము. ఆంగ్లవిద్య నేర్చిన మనలోఁ బెక్కురు నీ మాటనే వల్లింతురు. వేపచెట్టునకుఁ బసుపు పూయు ముత్తైదువను జూచి నవ్వుటయే సంస్కారమని తలఁచువారును గలరు. కోదుల చరిత్ర చదివినచో నీ నవ్వు కొంత తగ్గునని మా నమ్మకము.

కోదులు (ఖోందులనియు నందురు) గంజాము మొదలు రాయగడ, కాలహండి వఱకుఁ గల కొండలవారు. వారి కుయి, కువి భాషలు మన తెనుఁగునకు దగ్గఱి చుట్టములు. భూమి వారికి మట్టి కాదు, దేవత. ఆమె పండించుచున్నది కావున నామె ఋణము తీర్పవలెను. ఈ ఋణభావమే వారిలోఁ గొందఱిని ఘోరమైన మెరియా బలికి దింపెను. మైదానమున నపహరింపఁబడియో, వెలకమ్మఁబడియో కొండకుఁ జేరిన మనుష్యుని జంపి, మాంసఖండములను బొలములఁ బాఁతిపెట్టెడివారు. నెత్తురు సోఁకనిదే పసుపునకు మంచి రంగు రాదని వారి నమ్మకము. మన యిండ్లలోని శుభద్రవ్యమే యది!

గుంసూరు యుద్ధకాలమున, 1836 ప్రాంతమున, మద్రాసు ప్రభుత్వోద్యోగి రస్సెలు ఈ యాచారమును వెల్లడించెను. 1845లో దీని నణఁచుటకుఁ బ్రత్యేకశాఖ యేర్పడెను. మాక్ఫెర్సన్, కాంబెల్ మొదలగు నధికారులు వేయిమందికిఁ బైగా విడిపించిరి. ఇది మెచ్చఁదగినదే. కాని యా యుద్ధమునఁ గోదుల పల్లెలను గాల్చినదియు నా ప్రభుత్వమే. దీనిని దొరల దయాకథగా మాత్రమే చదువరాదు. భూమిని గొలుచుచునే నరబలి నెఱుఁగని కోదులును గలరు. బలియిచ్చినవారును గ్రమముగా మనుష్యునకు మాఱు దున్నపోతును దెచ్చిరి. బలి మాఱెను; భూమి దేవతగానే నిలిచెను. సంస్కర్త ఖండింపవలసినది హింసను. దానితోపాటు భక్తి నంతటిని గాదు.

డొంగరియా కోదులకు నియమగిరి నియమరాజు నివాసము. ఆ కొండకొననున్న యడవిని వారు నఱకరు. అచ్చటనే బాక్సైటు గలదు. గని త్రవ్వుటకై వివాదము బయలుదేరఁగా, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు వారి మతహక్కులకు భంగము కలుగునో లేదో గ్రామసభలే నిర్ణయింపవలెనని తీర్పు చెప్పెను. జూలై, ఆగస్టు నెలలలోఁ గూడిన 12 గ్రామసభలును గని వలదనెను. 2014 జనవరిలోఁ గేంద్రప్రభుత్వ మనుమతి నిరాకరించెను.

నియమగిరి వాగుల నీరు వంశధారలోఁ గలిసి శ్రీకాకుళపుఁ బొలములకు దిగుచున్నది.