ఊర్వస్థి భగ్నం: మానుదల కాలం, మంచం, పరిచర్య – ఒక చారిత్రక పరిశీలన

విరిగి అతికిన తొడ ఎముకే మానవ నాగరికతకు తొలి ఆనవాలని మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ చెప్పినట్లు ప్రసంగాలలో, వ్యాసాలలో తరచుగా ఉటంకిస్తుంటారు. మీడ్ రచనలలో ఈ మాటను చూపినవారు లేరు. దీనికి విస్తృత ప్రచారం కల్పించిన వాటిలో పాల్ బ్రాండ్, ఫిలిప్ యాన్సీ కలిసి 1980లో వెలువరించిన గ్రంథం ఒకటి. బ్రాండ్ వెల్లూరులో దీర్ఘకాలం పనిచేసిన శస్త్రవైద్యుడు. మూలం సంగతి అటుంచినా వాదమే బలహీనమైనది. 1937లో థాయిలాండ్‌లో సేకరించిన గిబ్బన్ల అస్థిపంజరాలను పరిశీలించిన అడాల్ఫ్ షుల్ట్జ్, వాటిలో సుమారు మూడో వంతులో మానిన విరుగుళ్ళను గుర్తించాడు. వాటికి కట్టు కట్టినవారు లేరు, తిండి తెచ్చి పెట్టినవారు లేరు. ఎముక అతకడం ప్రకృతి ధర్మం.

అయితే ఎలా అతికిందన్నది వేరే ప్రశ్న. తొడ కండరాలు శరీరంలోకెల్లా బలమైనవి. ఎముక విరిగిన వెంటనే అవి రెండు కొనలను ఒకదానిపైకి ఒకటి లాగివేస్తాయి. అలా వదిలేస్తే ఎముక మానుతుంది గాని వంకర తిరుగుతుంది, కాలు పొట్టిదవుతుంది. కాబట్టి పురాతత్త్వ నిక్షేపాలలో లభించే తొడ ఎముకలో చూడవలసినది అతుకు ఒక్కటే కాదు, పొడవు కూడా. రెండో కాలితో సమానమైన పొడవుతో, తిన్నగా మానిన ఎముక లభిస్తే, దాని వెనుక ఎవరో కాలిని లాగి, సరిచేసి, కదలకుండా నిలిపి ఉంచారని ఊహించడానికి అవకాశం ఉంది.

ప్రాచీన వైద్యుల ఆందోళన కూడా పొడవు గురించే. తొడ ఎముక యాభై రోజులలో గట్టిపడుతుందని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న భగ్న చికిత్సా గ్రంథం చెబుతుంది. కాలు పొట్టిగా మానితే అది రోగికి నష్టం, వైద్యునికి అప్రతిష్ఠ అని హెచ్చరిస్తుంది. సరైన చికిత్స దొరకనివాడికి ఒక కాలు కంటే రెండు కాళ్ళూ విరగడమే మేలు, కనీసం సమానంగానైనా ఉంటాయి అన్న కఠోరమైన వ్యాఖ్య కూడా అందులో కనిపిస్తుంది.

సుశ్రుతుడు కాలాన్ని వయస్సుతో ముడిపెట్టాడు. బాల్యంలో నెల, మధ్యవయస్సులో రెండు నెలలు, వార్ధక్యంలో మూడు నెలలకు సంధానం స్థిరపడుతుందని చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో పేర్కొన్నాడు. మధ్యవయస్కునికి చెప్పిన గడువు గ్రీకు లెక్కకు ఎంతో దూరం లేదు. నేటి వైద్యం పెద్దవారి తొడ ఎముక పూర్తిగా మానడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుందంటుంది. ఈ తేడా ఎముకలో లేదు, కొలతలో ఉంది. ప్రాచీనులు చేతికి తగిలే స్థిరత్వాన్ని లెక్కించారు. నేటివారు పూర్తి బరువును మోసే శక్తిని, ఎక్స్‌రేలో కనిపించే సంధానాన్ని లెక్కిస్తున్నారు.

సుశ్రుతుని విధానంలో మరింత విలువైనది మానుదల రోజుల వర్ణన. మోదుగ, మేడి, రావి, మర్రి, మద్ది పట్టలతోనూ వెదురుతోనూ బద్దలు కట్టాలి. కట్టును శీతకాలంలో ఏడు రోజులకు, సాధారణ ఋతువులో అయిదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు మార్చాలి. తొడ లేదా పిక్క విరిగినవానిని కపాటశయనం మీద, అంటే పలక మీద పడుకోబెట్టి, కీళ్ళకు ఇరుపక్కల రెండేసి, అరికాలి వద్ద ఒకటి చొప్పున అయిదు మేకులతో కాలు కదలకుండా చేయాలి. ఉప్పు, కారం, పులుపు, ఎండ, వ్యాయామం నిషిద్ధం. పాలు, నెయ్యి, మాంసరసం పథ్యం. పలకకు బందీ అయిన మనిషికి రెండు నెలల పాటు ఈ పథ్యం వండినదెవరు, మలమూత్రాలు ఎత్తినదెవరు? గ్రంథం వైద్యుని చేతుల గురించే మాట్లాడుతుంది. ఇంటివారి చేతులు, బహుశా ఎక్కువగా స్త్రీల చేతులు, దానిలో కనబడవు. సజావుగా మానిన ఎముక చరిత్రలో అసలు ఖాళీ ఇదే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు ఈ వంశపారంపర్య విద్యకు తెలుగునాట సుపరిచితమైన ఉదాహరణ. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ – ఇవే దాని సామగ్రి. పాశ్చాత్య అస్థివైద్యమూ ఇటువంటి ఇంటినుండే బలం పుంజుకుంది. లివర్‌పూల్‌లో పనిచేసిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) వేల్స్‌కు చెందిన ఎముకలు కట్టేవారి వంశంవాడు. విరామం అవిచ్ఛిన్నంగా, దీర్ఘంగా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన రూపొందించిన ఇనుప చట్రాన్ని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రచారంలోకి తెచ్చాడు. దానివల్ల తొడ గాయాల మరణాలు 80 శాతం నుండి సుమారు 16 శాతానికి పడిపోయాయని పాఠ్యగ్రంథాలు వల్లిస్తాయి. ఆ మొదటి అంకెకు ఆధారం గట్టిది కాదు. పైగా గాయాన్ని శుభ్రపరిచే శస్త్రచికిత్స కూడా అదే కాలంలో మెరుగుపడింది. చట్రం మేలు చేసిందనడంలో సందేహం లేదు. ఘనతంతా దానికే ఇవ్వడం తొందరపాటు.

ప్రాణం నిలిచినవాడు ఆ తరువాత వారాల తరబడి బరువులు వేలాడదీసిన కాలితో మంచం మీదనే గడిపేవాడు. పుండ్లు, ఊపిరితిత్తుల వాపు, రక్తం గడ్డకట్టడం, మోకాలు బిగుసుకుపోవడం ఆ మంచం తెచ్చిపెట్టిన జబ్బులు. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ క్యూంట్‌షర్ ఎముక మూలుగ గొట్టంలోకి పొడవాటి లోహపు కడ్డీని దించాడు. యుద్ధఖైదీలుగా ఉండి తిరిగివచ్చిన సైనికుల ఎక్స్‌రేలలో ఆ కడ్డీని చూసి మిత్రరాజ్యాల వైద్యులు విస్తుపోయారు. తుంటి దగ్గర చిన్న మచ్చ తప్ప పైకి మరో గుర్తు లేదు. 1945 మార్చిలో టైమ్ పత్రిక ఈ వింతను వార్తగా ప్రచురించింది.

కడ్డీ ఎముక మానుదలను త్వరపరచలేదు. రక్తపు గడ్డ, మెత్తని కొత్త కణజాలం, గట్టి ఎముక అనే క్రమం సుశ్రుతుని రోగిలో ఎలా నడిచిందో ఆ సైనికునిలోనూ అలాగే నడిచింది. మారినదల్లా, ఆ నెలలలో మనిషి ఎక్కడ ఉన్నాడన్నది. కొద్ది వారాలకే అతడు ఊతకర్రలతో నడవసాగాడు. చేతులు గ్రంథాలకెక్కని పరిచారకులకు కూడా ఆ మంచం పక్కనుండి లేచే వీలు కలిగింది.