బస్సంతా ఒకరిదే, కాగితం మీద

తెల్లవారకముందే హైదరాబాద్‌లో మధురానగర్ నుంచి కృష్ణానగర్ వైపు నడిచి చూడండి. ఇడ్లీ బండ్ల పక్కన సినిమా కంపెనీల బస్సులు ఆగి ఉంటాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు సంచులు భుజాన వేసుకుని ఎక్కుతుంటారు. ఎవరూ టికెట్టు కొనరు. ప్రొడక్షన్ మేనేజరు బండి మొత్తం మాట్లాడేశాడు. షూటింగు ఎక్కడుంటే అక్కడికి పోయి, ప్యాకప్ అయ్యాక తిరిగొస్తుంది.

అదే రోజు రాత్రి అమీర్‌పేట మైత్రీవనం దాటి ఎస్.ఆర్. నగర్ వైపు వెళ్తే వేరే రకం బస్సులు. చేతిలో లిస్టు పట్టుకుని క్లీనర్ అరుస్తుంటాడు: "బెంగళూరు, బెంగళూరు... సీటు నంబరెంత సార్?" ఒక్కొక్కరి ఫోన్లో ఒక్కో టికెట్టు. పక్కపక్క బెర్తులకే రెండు రేట్లు.

రవాణాశాఖ కాగితాల్లో మాత్రం ఈ రెండింటిదీ ఒకటే కులం. పేరు కాంట్రాక్ట్ క్యారేజీ. అంటే బండిని ఒకే ఒప్పందం మీద మొత్తంగా అద్దెకిచ్చారని, దారిలో బయటివాళ్లని ఎక్కించుకోరని అర్థం. మనిషికింత అని వసూలు చేస్తూ ఆగి ఆగి పోయేది స్టేజ్ క్యారేజీ. అది ఆర్టీసీ సొత్తు.

ఎలా అయింది సొత్తు? నిజాం రాజ్యంలో 1932లోనే రైల్వే శాఖ కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సర్కారీ సర్వీసు మొదలైంది. ఆంధ్ర జిల్లాల్లో ఎక్కువగా ప్రైవేటు యజమానుల బస్సులే తిరిగేవి. 1956లో మోటారు వాహనాల చట్టానికి కొత్త అధ్యాయం చేర్చి, ప్రభుత్వ సంస్థ స్కీము వేస్తే ప్రైవేటు పర్మిట్లు రద్దు చేసే వీలు కల్పించారు. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. వెంటనే కృష్ణా జిల్లా రూట్ల మీద పడింది.

యజమానులు ఊరుకోలేదు. గుళ్లపల్లి నాగేశ్వరరావు పేరున కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్పు చెప్పినవాడింకొకడు అయితే ఆ విచారణ ఎందుకని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. తీర్పు రాసిన కోకా సుబ్బారావు రాజమండ్రి మనిషే. న్యాయశాస్త్రం చదివే పిల్లలు నేటికీ ఆ బస్సుల కేసు వల్లెవేస్తారు.

రెండోసారి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డే స్వయంగా విన్నారు, స్కీము నిలిచింది. కానీ కర్నూలు రూట్ల దగ్గర కథ అడ్డం తిరిగింది. రాజకీయ కక్షతోనే తమ జిల్లాను ముందుకు లాగారని యజమానులు ఆరోపించారు. కాదని ముఖ్యమంత్రి అఫిడవిట్ వెయ్యలేదు. కోర్టు ఆ మౌనాన్నే పట్టుకుంది. 1964లో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన మనిషిని ముఖ్యమంత్రి గద్దె దింపింది బస్సు రూట్లంటే ఈ తరం నమ్మదు.

ఒక్కో రూటూ ఆర్టీసీ చేతికి పోయాక, ప్రైవేటువాళ్లకి మిగిలింది పెళ్లిబృందాలు, తీర్థయాత్రలు. ఆ సందులోంచే "ట్రావెల్స్" పెరిగింది. యాత్రలకిచ్చిన పర్మిట్టు మీద రోజూ ఒకే వేళకి, ఒకే ఊరికి బస్సు బయల్దేరడం మొదలైంది. 1988 నాటి కొత్త చట్టంలోనూ ఆ రెండు కులాలూ అలాగే ఉన్నాయి.

నగరం లోపల కథ కాస్త వేరు. నిరుద్యోగ యువతకి ఉపాధి కోసం 1978లో పెట్టిన సెట్విన్ మినీబస్సులు కొన్నాళ్లు గల్లీలకి దిక్కయ్యాయి. తర్వాత సెవెన్ సీటర్లు, షేర్ ఆటోలు. మీ వీధి చివరి ఆటో కూడా చట్టప్రకారం కాంట్రాక్ట్ క్యారేజీయే. తలకింత అని వసూలు చేసినా, చిన్న బండి కాబట్టి చట్టం దాన్ని ఆ కులంలోనే ఉంచింది.

మళ్లీ ట్రావెల్స్ బస్సుల దగ్గరికొస్తే, సంక్రాంతి ముందు అధికారులు టోల్‌గేట్ల దగ్గర నాలుగు బస్సులు ఆపి కేసులు రాస్తారు. కనుమ దాటాక ఎవరి దారి వారిది. అధికారుల సోమరితనం కంటే చట్టంలోని బొంకే దీనికి పెద్ద కారణమని నా అనుమానం. సీటుకి టికెట్టే లేదని పర్మిట్టు చెబుతున్నప్పుడు, ఆ లేని టికెట్టు మూడింతలైందని ఎవరు ఎవర్ని నిలదీస్తారు? పన్ను తక్కువని ఎక్కడో రిజిస్టరు చేయించిన బండి ఇక్కడ తిరుగుతుంటే, దాని మంచిచెడ్డలు ఏ ఆర్టీఓ చూడాలి?

2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తూ పాలెం దగ్గర కాలిపోయిన బస్సులో 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తూ కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిన బస్సులో 19 మంది ప్రయాణికులు. ఆ బండికి డామన్ డయ్యూ నంబరుంది.

ఈసారి ఎస్.ఆర్. నగర్‌లో బస్సెక్కితే, దుప్పటి కప్పుకునే ముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోండి.